బురద నీళ్లలో పని డైవింగ్: స్కూబా సామాను ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు జలాశయాల్లో, బోటు జెట్టీల దగ్గర, పంపుహౌసుల ముందు నీళ్లలో దిగి పనిచేసేవాళ్ల కోసం, వాళ్లతో పని చేయించుకునేవాళ్ల కోసం ఈ జవాబులు. స్కూబా అంటే గాలి సిలిండర్‌ను వీపున మోస్తూ నీళ్లలోకి దిగే పద్ధతి. డైవింగ్ ఎలా చేయాలో ఇవి నేర్పవు. శిక్షణ ఉన్నవాళ్లు ఏ సామాను కొనాలి, ఏది వద్దు, ఎందుకు అన్నదే ఇక్కడి విషయం. అండమాన్‌లోనో గోవాలోనో చేసిన సరదా డైవింగ్ కోర్సు సర్టిఫికెట్‌తో ఈ పనికి దిగకూడదు. ఆ కోర్సులు తేటనీళ్లకు, ఖాళీ చేతులకు ఉద్దేశించినవి.

సీమలో సముద్రమే లేదు కదా, ఇక్కడ స్కూబాతో పనేముంది?

చాలానే ఉంది. శ్రీశైలం వెనుక జలాల్లో, పాతాళగంగ దగ్గర, అవుకు, మైలవరం లాంటి చోట్ల బోట్లు తిరుగుతాయి. బోటు ఉన్నచోట ప్రొపెల్లర్‌కు వల చుట్టుకోవడం, లంగరు గొలుసు తెగడం, జెట్టీ డ్రమ్ములకు చిల్లు పడటం మామూలే. ఇక మల్యాల, ముచ్చుమర్రి లాంటి ఎత్తిపోతల దగ్గర పంపుల ముందుండే ఇనుప జాలీకి గుర్రపుడెక్క, దుంగలు, ప్లాస్టిక్ పట్టుకుంటాయి. మునిగిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటారు, నీళ్లలో పడిన ఫోన్లు, బైకులు వెతకడం కూడా ఇందులోకే వస్తుంది.

సముద్రం దగ్గర బోట్లు కట్టే మెరీనాకు, మన జెట్టీకి తేడా ఉప్పు ఒక్కటే. మిగతాదంతా అదే: అడుగున మెత్తటి ఒండ్రు, పాత తాళ్లు, సీసా పెంకులు, చెయ్యి చాస్తే చెయ్యి కనబడని నీళ్లు. జులై నుంచి అక్టోబరు దాకా కృష్ణా, తుంగభద్రల వరద వస్తే ఆ కాస్త చూపు కూడా పోతుంది. వేసవిలో నీళ్లు తేరుకున్నట్టు కనిపిస్తాయి గానీ, అడుగున కాలు పెట్టగానే ఒండ్రు లేచి మళ్లీ చీకటే.

ఇలాంటి పనికి స్కూబా సరైనదేనా?

అన్ని పనులకూ కాదు. ఈ మాట సామాను అమ్మేవాళ్లు చెప్పరు కాబట్టి ముందే చెబుతున్నాం. చూపు లేని నీళ్లలో ఎక్కువసేపు పనికి ఒడ్డు మీద నుంచి గొట్టంతో గాలి పంపే పద్ధతి మేలు. దాంట్లో గాలి అయిపోదు, గొట్టంతో పాటే మాట్లాడే వైరు, తాడు ఉంటాయి, డైవరు ఎంత లోతులో ఉన్నాడో పైనున్నవాళ్లకు తెలుస్తుంది.

స్కూబా చెల్లేది చిన్న పనులకు. పది మీటర్ల లోపు లోతు, అరగంట లోపు పని, తల మీద కప్పు లేని చోటు, పారుడు లేని నీళ్లు ఉండాలి. ఉదాహరణకు ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న తాడు కోయడం, లంగరు గొలుసు తడిమి చూడటం, పడిపోయిన వస్తువు వెతకడం. అమెరికాలో వాణిజ్య డైవింగ్ నిబంధనల ప్రకారం ఒక నాట్ వేగం, అంటే సెకనుకు సుమారు అర మీటరు దాటి పారే నీళ్లలో, డైవరుకు కట్టిన తాడును (లైఫ్‌లైన్) పైనుంచి పట్టుకునే మనిషి లేకుండా స్కూబా వాడకూడదు. ఇరుకు చోట్లకూ అదే నియమం. జత డైవరు ఉంటే తాడు అక్కర్లేదని ఆ నిబంధనలే అంటాయి గానీ, ఆ ఇద్దరూ ఎప్పుడూ ఒకరికొకరు కనబడుతుండాలి. మన నీళ్లలో అది అయ్యే పని కాదు. అందుకే ఇక్కడ తాడు తప్పనిసరి. గట్టు మీద సామాను తొడుక్కుని సిద్ధంగా ఉన్న రెండో డైవరు కూడా తప్పనిసరి.

గేటు కారుతోంది, దిగి సీలు చూడమంటున్నారు. ఏ సామాను కావాలి?

గేటుకు అవతలి వైపు నీళ్లు తక్కువగా ఉంటే ఏ సామానూ వద్దు, దిగవద్దు. లెక్క చూడండి. రెండు వైపులా నీటిమట్టంలో 5 మీటర్ల తేడా ఉంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద అర కిలో ఒత్తిడి. 30 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న కంతకు మీ ఒళ్లు అడ్డం పడితే 900 చదరపు సెంటీమీటర్లు, అంటే 450 కిలోల బలం మిమ్మల్ని అక్కడే అదిమి పెడుతుంది. పైనుంచి నలుగురు తాడు లాగినా రారు. లాగితే ఒళ్లు తెగుతుంది. పైగా ఈ లాగుడు దూరం నుంచి తెలియదు. రెండడుగుల దూరంలో నీళ్లు నిలకడగానే ఉన్నట్టుంటాయి, ఇంకో అడుగు వేయగానే పట్టేస్తుంది.

స్టాప్‌లాగ్ గేటు (అసలు గేటుకు ముందు తాత్కాలికంగా నీళ్లు ఆపే పలకలు) దించి, రెండు వైపులా మట్టం సమానం చేసి, గేటు మోటారు కరెంటు తీసి, ఆ స్విచ్చుకు తాళం వేసి, తాళంచెవి డైవింగ్ సూపర్‌వైజరు జేబులో ఉన్నాకే ఆ పని గురించి మాట్లాడాలి. పంపుహౌసుల ముందూ అంతే. "మోటారు ఆపేశాం సార్" అని లస్కరు ఫోనులో చెప్పిన మాట తాళంతో సమానం కాదు. షిఫ్టు మారిందంటే తర్వాత వచ్చినతనికి నీళ్లలో మనిషి ఉన్నట్టు తెలియకపోవచ్చు.

ఎంత పెద్ద సిలిండర్ తీసుకోవాలి?

12 లీటర్ల స్టీలు సిలిండర్ ఈ పనికి బాగా కుదురుతుంది. డైవింగ్ కేంద్రాల్లో ఎక్కువగా కనబడే 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్ పనికి వస్తుంది గానీ, గాలి అయిపోయేకొద్దీ అది తేలడం మొదలుపెడుతుంది. అడుగున ఆనుకుని పనిచేసేవాడికి అది చిరాకు. దానికోసం నడుముకు అదనంగా సీసం కట్టుకోవాలి.

గాలి లెక్క మాత్రం సరదా డైవింగ్ లెక్కతో వేయకండి. తీరిగ్గా చేపలు చూస్తూ తిరిగే మనిషికి నిమిషానికి 15 నుంచి 20 లీటర్లు చాలు. స్పానర్ తిప్పేవాడికి, చీకట్లో తడుముకునేవాడికి 40 వేసుకోవాలి. 6 మీటర్ల లోతులో ఒత్తిడి 1.6 బార్ (ఒక బార్ అంటే దాదాపు ఒడ్డు మీది గాలి ఒత్తిడంత), కాబట్టి 40ని 1.6తో గుణిస్తే నిమిషానికి 64 లీటర్లు. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఉంటే 2400 లీటర్లు. అందులో 50 బార్, అంటే 600 లీటర్లు ముట్టకూడదు. మిగిలిన 1800ను 64తో భాగిస్తే 28 నిమిషాలు. దిగడం, ఎక్కడం తీసేస్తే పని దొరికేది 22, 23 నిమిషాలే. పైన చెప్పిన పది మీటర్ల హద్దు దాటి 12 మీటర్లకు దిగితే ఇదే లెక్కకు మొత్తం 20 నిమిషాలే వస్తుంది. పని ఇచ్చినవాళ్లు "ఒక ట్యాంకుతో గంట పని" అని ఒప్పందంలో రాసుకొస్తే ఈ లెక్క చూపించండి.

అదనపు చిన్న సిలిండర్ నిజంగా అవసరమా?

అవసరం. తేటనీళ్లలో గాలి అయిపోతే జతగాడి దగ్గరికి ఈదుకుంటూ పోవచ్చు. ఇక్కడ జతగాడు ఎక్కడున్నాడో తెలియదు, అసలు లేకపోవచ్చు. మీ గాలి మీ వీపు మీదే ఉండాలి. విడి రెగ్యులేటర్‌తో (సిలిండర్ గాలి ఒత్తిడి తగ్గించి నోటికి అందించే పరికరం) విడి సిలిండర్ ఉండాలి. ఒకే సిలిండర్‌కు తగిలించిన రెండో మౌత్‌పీసు దానికి బదులు కాదు.

3 లీటర్లదా, 5 లీటర్లదా అంటే 5 లీటర్లదే. వలలో చిక్కుకున్న మనిషి కంగారులో నిమిషానికి 60 లీటర్లు లాగుతాడు. 12 మీటర్ల లోతులో అది 132 లీటర్లవుతుంది. 3 లీటర్ల సిలిండర్ నిండుగా ఉన్నా నాలుగున్నర నిమిషాల్లో ఖాళీ. 5 లీటర్లదైతే ఏడున్నర నిమిషాలు వస్తుంది. గట్టు మీదున్న రెండో డైవరు దిగి, తాడు పట్టుకుని మీ దాకా వచ్చి, వల కోయడానికి ఆ మూడు నిమిషాలే తేడా.

అరచేతిలో ఇమిడే అర లీటరు సిలిండర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. వాటిని ఈ పనికి లెక్కలోకే తీసుకోకండి.

రెగ్యులేటర్‌లో ఏం చూడాలి?

మూడు విషయాలు. మొదటిది, ఫస్ట్ స్టేజ్ (సిలిండర్‌కు బిగించే భాగం) సీల్ చేసిన డయాఫ్రమ్ రకమై ఉండాలి. సీల్ లేని పిస్టన్ రకంలో బయటి నీళ్లు లోపలి స్ప్రింగు గదిలోకి పోతాయి. నీళ్లతో పాటు ఒండ్రు పోతుంది. తుంగభద్ర, పెన్న ఒండ్రు పిండిలా మెత్తగా ఉంటుంది, ఓ-రింగుల దగ్గర పేరుకుని ఆరాక గరుకుకాగితంలా అరగదీస్తుంది. కొన్నాళ్లకు లోపలి ఒత్తిడి నిలబడక మెల్లగా పెరగడం, సెకండ్ స్టేజ్ (నోటి దగ్గరి భాగం) దానంతట అదే గాలి వదలడం మొదలవుతుంది.

రెండోది, డిన్ రకం బిగింపు. మరతో సిలిండర్ వాల్వులోకి దిగుతుంది కాబట్టి జెట్టీ కమ్మీకి తగిలినా కదలదు, ఓ-రింగు బయటికి ఉబికి రాదు. పైనుంచి కొక్కెంలా బిగించే యోక్ రకం దేనికో ఒకదానికి తగులుకుంటుంది, దాని మరకు చేపల వల కూడా పట్టుకుంటుంది. డిన్‌లో 232 బార్‌కు అయిదు చుట్ల మర, 300 బార్‌కు ఏడు చుట్ల మర ఉంటాయి. ఏడు చుట్లది రెండు రకాల వాల్వులకూ పడుతుంది, కాబట్టి అదే కొనండి.

మూడోది, దాని విడిభాగాలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో బెంగళూరులోనో దొరకాలి, సర్వీసు చేసేవాళ్లు ఉండాలి. ఎంత గొప్ప రెగ్యులేటరైనా సర్వీసు కిట్ విదేశం నుంచి రావాలంటే ఏడాదిలో ఆర్నెల్లు అల్మారాలోనే ఉంటుంది.

మామూలు మాస్కా, ముఖమంతా కప్పే మాస్కా?

డబ్బుంటే ముఖమంతా కప్పేదే. రెండు కారణాలు. నీళ్లు నోట్లోకి, ముక్కులోకి, కళ్లలోకి పోవు. కర్నూలు ఊరి దగ్గర హంద్రీ, తుంగభద్ర కలిసే చోట ఊరి మురుగు కూడా కలుస్తుంది. అక్కడ మౌత్‌పీసు పెట్టుకుని పనిచేయడమంటే ఆ నీళ్లు తాగడమే. రెండో కారణం మాట. గట్టు మీదున్నవాళ్లతో మాట్లాడగలిగితే సగం భయం, సగం పొరపాట్లు తగ్గుతాయి. లైఫ్‌లైన్‌లోనే వైరు ఉండే రకం మాటల సెట్టు తీసుకోండి. వైరు లేని సెట్లు గోడల చాటున, బుడగల మధ్య, దట్టమైన నాచులో తడబడతాయి.

దీనికి ఖర్చులూ ఉన్నాయి. గాలి కాస్త ఎక్కువ పోతుంది. గడ్డం ఉన్నవాళ్లకు అంచు సరిగ్గా ఆనదు. లోపల ఒత్తిడి ఎక్కువగా ఉంచే రకంలో ఆ సందులోంచి నీళ్లు లోపలికి రావు గానీ గాలి బయటికి పోతూనే ఉంటుంది, గేజు త్వరగా పడిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, అదనపు సిలిండర్ గాలి మాస్కు తీయకుండానే అందేలా పక్కన మార్చుకునే బ్లాకు ఉండాలి. మాస్కు పీకి, చీకట్లో మౌత్‌పీసు వెతుక్కునే ఏర్పాటు కాగితం మీద మాత్రమే బాగుంటుంది. అయినా సరే, జేబులో ఒక చిన్న మామూలు మాస్కు ఉంచుకోవాలి.

మామూలు మాస్కే వాడేటట్లయితే ముఖానికి సరిగ్గా కూర్చునే చిన్నది, టెంపర్డ్ గాజుది తీసుకోండి. అంచు నలుపా తెలుపా అన్నది ఈ నీళ్లలో పెద్ద తేడా కాదు.

గేజు కనబడదు. గాలి ఎంతుందో ఎలా తెలుసుకోవాలి?

ఇది అందరికీ వచ్చే ఇబ్బందే. వెలుగు ఉన్న పెద్ద అంకెల డైవ్ కంప్యూటర్‌ను (లోతు, సమయం లాంటివి చూపే చిన్న పరికరం) మాస్కు గాజుకు ఆనించి పట్టుకుంటే చాలాసార్లు కనబడుతుంది. అదీ కుదరనంత మడ్డిగా ఉంటే పాత చిట్కా ఒకటుంది. మందపాటి, తేటగా ఉన్న పాలిథిన్ సంచిలో మంచినీళ్లు నింపి, గాలి లేకుండా మూతి కట్టి మెడకు వేలాడదీసుకోండి. దాన్ని మాస్కుకు, గేజుకు మధ్య నొక్కితే మడ్డినీళ్ల స్థానంలో తేటనీళ్లు వచ్చి అంకెలు చదవొచ్చు. ఖర్చు అయిదు రూపాయలు కూడా కాదు.

వీటి మీదే ఆధారపడకుండా గట్టు మీదున్న మనిషి గడియారం చూసి నడిపించాలి. పై లెక్క ప్రకారం 20 నిమిషాలంటే 20 నిమిషాలకు తాడు లాగుతాడు, అంతే. "ఇంకొక్క బోల్టు" అనేది లేదు.

లైఫ్‌లైన్ తాడు ఎలాంటిది, దేనికి కట్టాలి?

10 నుంచి 12 మిల్లీమీటర్ల అల్లిన తాడు కావాలి, తడి చేతికి పట్టు దొరకాలి. తేలే రకం తాడైతే అడుగునున్న దుంగలకు చుట్టుకోదు, కానీ పైన బోటు తిరిగితే దాని ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది. కాబట్టి పని జరుగుతున్నంతసేపు ఆ జెట్టీలో అన్ని బోట్ల తాళాలు తీసి ఒకరి దగ్గర పెట్టాలి.

తాడును తేలియాడే జాకెట్టుకు కట్టకండి. జాకెట్టు ఊడితే తాడుతో పాటు జాకెట్టు మాత్రమే పైకి వస్తుంది. జాకెట్టు కింద, ఒంటికి ఆనుకుని, మనిషి బరువు మోయగల హార్నెస్ వేసుకుని దాని రింగుకు కట్టాలి. కట్టుకు ముడి బౌలైన్ (బిగుసుకుపోని ఉచ్చు ముడి), కొక్కెం మర బిగించే కారబైనర్ (మూసుకునే లోహపు కొలికి). నొక్కితే తెరుచుకునే స్ప్రింగు కొక్కేలు వద్దు, వలతాడు తగిలితే దానంతట అదే లోపలికి దూరి తగులుకుంటాయి.

సైగలు పలక మీద రాసి గట్టు మీద పెట్టుకోండి. అమెరికా నౌకాదళం వాడే పద్ధతి తేలికైంది. పైనుంచి ఒక లాగు లాగితే "బాగున్నావా?", డైవరు తిరిగి ఒక లాగు లాగితే "బాగున్నా". డైవరు రెండు లాగితే తాడు వదలమని, మూడు లాగితే సందు తీసి బిగించమని, నాలుగు లాగితే పైకి లాగమని. రెండేసి చొప్పున మూడుసార్లు లాగితే చిక్కుకున్నా, రెండో డైవరు రావాలని అర్థం. మూడేసి చొప్పున మూడుసార్లు అంటే చిక్కుకున్నా గానీ నేనే విడిపించుకోగలనని. నాలుగేసి చొప్పున మూడుసార్లు అంటే ఉన్నపళంగా లాగమని. లాగే ముందు తాడులో సందు లేకుండా చూసుకోవాలి, లేకపోతే నాలుగు లాగులు పైకి రెండుగానే తెలుస్తాయి.

కత్తి ఒకటి చాలదా?

చాలదు. శ్రీశైలం వెనుక జలాల్లో జాలర్లు పుట్టిల మీద వేసే నైలాన్ వలలు మునిగిన చెట్లకు, రాళ్లకు పట్టుకుని అలాగే ఉండిపోతాయి. సన్నటి దారం వలను కత్తి కోయదు, జారిపోతుంది. దానికి లోపల బ్లేడు ఉండే కొక్కెం రకం కట్టర్ కావాలి. మోకు తాడుకు రంపపు పళ్ల కత్తి. రెండింటితో పాటు ఆస్పత్రుల్లో బట్టలు కోసే మొండి మొన కత్తెర ఒకటి, అది చీకట్లో ఒంటికి గుచ్చుకోదు. జెట్టీకి ఇనుప వైరు వాడి ఉంటే సైడ్ కట్టర్ కూడా.

పెట్టుకునే చోటే అసలు సంగతి. పిక్కకు కట్టుకునే పెద్ద కత్తి ఫోటోల్లో బాగుంటుంది గానీ, వలకు ముందు తగులుకునేది అదే. చిక్కుకున్నాక వంగి అక్కడిదాకా చెయ్యి చాచలేరు. రెండు పరికరాలు ఛాతీ పట్టీల మీద, కుడి చేతికీ ఎడమ చేతికీ అందేలా ఉండాలి. ఒడ్డు మీద కళ్లు మూసుకుని ప్రతి చేత్తో తీసి పెట్టి చూడండి. తీయలేకపోతే చోటు మార్చండి.

ఎండలు ఇంత ఉంటే సూటెందుకు?

చలికి కాదు, చర్మానికి. మన జలాశయాలు నిండినప్పుడు మునిగేది కంపచెట్లే. వాటి ముళ్లు నీళ్లలో ఏళ్ల తరబడి గట్టిగానే ఉంటాయి. 3 మిల్లీమీటర్ల పూర్తి సూటు, దాని మీద మందపాటి బాయిలర్ సూటు వేసుకుంటే సూటు కూడా చిరగదు. డిసెంబరు, జనవరిల్లో ఎక్కువసేపు పనికి 5 మిల్లీమీటర్లది. వేసవిలో పైన వెచ్చగా ఉన్నా ఎనిమిది, పది మీటర్ల కింద ఒక్కసారిగా చల్లబడే పొర తగలొచ్చు.

మురుగు కలిసిన నీళ్లయితే తడి సూటు పనికిరాదు. అది నీళ్లను ఒంటికి ఆనించి పట్టి ఉంచుతుంది. అక్కడ గట్టి రబ్బరు పూత ఉన్న డ్రైసూటు (లోపలికి నీళ్లు రాని సూటు), దానికే అతికిన హుడ్, గ్లవ్స్ కావాలి. పలచటి లాటెక్స్ మెడపట్టీ కంపముల్లుకు ఒక్క క్షణం ఆగదు, కాబట్టి కంపచెట్లున్న చోట ఆ రకం వద్దు. టైఫాయిడ్, హెపటైటిస్ టీకాలు, ధనుర్వాతం ఇంజెక్షను గురించి, ఎలుక జ్వరం గురించి డాక్టరుతో ముందే మాట్లాడుకోండి. వేసవిలో నీళ్ల మీద పచ్చరంగు తెట్టె కట్టి వాసన వస్తుంటే ఆ పని వాయిదా వేయడమే మంచిది.

చేతులకు రెండు జతల గ్లవ్స్, లోపల పలచటి నియోప్రీన్ రబ్బరుది, పైన కోతకు ఆగే రకం. ఈ నీళ్లలో కళ్లు చేతులే కాబట్టి మరీ మందంగా ఉంటే ఏది బోల్టో ఏది రాయో తెలియదు.

సూటు వేసుకుని గట్టు మీద కూర్చుంటేనే కళ్లు తిరుగుతున్నాయి. ఏం చేయాలి?

మే నెలలో కడపలో 42 డిగ్రీలు దాటే ఎండలో రబ్బరు సూటు తొడుక్కుని అరగంట కూర్చునే రెండో డైవరుకు వడదెబ్బ తగిలే ప్రమాదం నీళ్లలోకి దిగినవాడి ప్రమాదం కంటే తక్కువేం కాదు. షామియానా, మంచినీళ్లు, సూటు మీద పోసేందుకు బిందెడు నీళ్లు సామాను జాబితాలో రాసుకోండి. సూటు నడుము దాకా తొడిగి కూర్చుని, డైవరు దిగే ముందు మాత్రమే పైదాకా వేసుకోవచ్చు. వీలైతే పని ఉదయం తొమ్మిదిలోపు ముగించండి.

తేలియాడే జాకెట్టు, బరువులు, ఫిన్స్ సంగతేమిటి?

జాకెట్టు ఎంత సాదాగా ఉంటే అంత మంచిది. వీపు పట్టీకి వెనక మాత్రమే గాలి సంచి ఉండే రకం మేలు, ఛాతీ ఖాళీగా ఉంటుంది. వేలాడే గొట్టాలు, ఈలలు, అదనపు రింగులు అన్నీ తీసేయండి. చెయ్యి ఒంటి మీదుగా పై నుంచి కిందికి నిమిరితే ఏదీ తగులుకోకూడదు, ఇదే పరీక్ష.

సముద్రంలో వాడే బరువు ఇక్కడ వద్దు. మంచినీళ్లు ఉప్పునీళ్ల కంటే సుమారు రెండున్నర శాతం తేలిక. మనిషి, సామాను కలిపి 100 కిలోలుంటే రెండున్నర కిలోల సీసం తగ్గించాలి. అయితే అడుగున నిలబడి స్పానర్ తిప్పే పనైతే రెండు, మూడు కిలోలు తిరిగి కలుపుకోవాలి, లేకపోతే బోల్టుకు బదులు మీరే తిరుగుతారు. బెల్టుకు రెండు బకుల్సు పెట్టడం మంచిదే, లోతులో అది అనుకోకుండా ఊడితే మనిషి బెండులా పైకి లేస్తాడు.

ఫిన్స్ పొట్టివి, బరువైన రబ్బరువి, వెనక స్ప్రింగు పట్టీ ఉన్నవి. ప్లాస్టిక్ పట్టీల కొసలు వలకు తగులుకుంటాయి. మెట్లు, గట్టి నేల ఉన్న చోట ఫిన్స్ లేకుండా మందపాటి అట్ట ఉన్న బూట్లతోనే పని జరుగుతుంది. జెట్టీ కింద సీసా పెంకులుంటాయన్నది గుర్తుంటే చాలు.

ఎంత శక్తివంతమైన టార్చి కొనాలి?

శక్తి పెరిగేకొద్దీ కనబడటం తగ్గుతుంది. ఒండ్రు రేణువుల మీద వెలుగు పడి తిరిగి కళ్లలో కొడుతుంది. సన్నటి కిరణం ఇచ్చే చిన్న టార్చి, పక్క నుంచి, వస్తువుకు జానెడు దూరంలో పట్టుకునేది చాలు. రెండోది ఒకటి, పైనున్నవాళ్లకు మీరెక్కడున్నారో గుర్తుగా సిలిండర్‌కు కట్టే మిణుగురు దీపం.

ఇక్కడ గాలి నింపేదెవరు?

ఇదే ఈ జిల్లాల్లో అసలు అడ్డంకి. పక్క వీధిలో డైవ్ షాపు ఉండదు. నెలలో నాలుగైదు పనులుంటే నిమిషానికి 100 లీటర్లు ఇచ్చే చిన్న హైప్రెషర్ కంప్రెసర్ సొంతంగా ఉండాలి. 50 బార్‌కు దిగిన 12 లీటర్ల సిలిండర్‌ను 200కు నింపడానికి దానికి 18 నిమిషాలు పడుతుంది.

పంచరు షాపు కంప్రెసర్, పెయింటింగ్ కంప్రెసర్ గాలి వద్దు. అందులో నూనె ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. వెల్డింగ్ ఆక్సిజన్, ఆస్పత్రి ఆక్సిజన్ అంతకంటే ప్రమాదం. ఆరేడు మీటర్లు దాటి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే ఫిట్స్ రావచ్చు, పైగా నూనె తగిలిన రెగ్యులేటర్‌కు నిప్పంటుకోవచ్చు. యూరప్ ప్రమాణం ప్రకారం శ్వాసగాలిలో కార్బన్ మోనాక్సైడ్ 5 పీపీఎం (పది లక్షల భాగాల్లో 5 భాగాలు), నూనె ఘనపు మీటరుకు అర మిల్లీగ్రాము మించకూడదు. పరీక్ష ట్యూబులు దొరుకుతాయి, వాడండి.

కంప్రెసర్ గాలి పీల్చే గొట్టం ఇంజను పొగకు ఎదురుగాలి వైపు ఎత్తుగా కట్టాలి. గాలి దిశ మారితే గొట్టం దిశా మార్చాలి. ఇంకో సంగతి, ఫిల్టరు ఆయుష్షు పుస్తకంలో రాసింది 20 డిగ్రీల వాతావరణానికి. మన 40 డిగ్రీల మధ్యాహ్నంలో అది సగానికి తక్కువకు పడిపోతుంది. నింపడం రాత్రిపూటో తెల్లవారుజామునో పెట్టుకోండి.

డైవ్ కంప్యూటర్‌లో ఏవైనా మార్చాలా?

మంచినీళ్ల సెట్టింగు పెట్టండి. ఎత్తు కూడా చూడండి. ఏ లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే పట్టికలు చాలావరకు సముద్రమట్టం నుంచి 300 మీటర్ల లోపుకే. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, అంటే 270 మీటర్ల లోపే కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. అనంతపురం ఊరే 335 మీటర్ల దాకా ఉంటుంది, ఆ జిల్లాలో పనికి ఎత్తు సవరణ పెట్టుకోవాలి. లోతు తక్కువ పనుల్లో దీని తేడా చిన్నదే, కానీ ఒకే రోజు మూడు నాలుగుసార్లు దిగితే పెరుగుతుంది.

సెకండ్ హ్యాండ్ సామాను కొనొచ్చా?

ఫిన్స్, బరువులు, హార్నెస్ లేని జాకెట్టు కొనొచ్చు. రెగ్యులేటర్ కొంటే సర్వీసు ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. సిలిండర్ విషయంలో మెడ మీద కొట్టిన ముద్రలు చదవాలి: తయారీ, చివరి నీటి ఒత్తిడి పరీక్ష తేదీ, పని ఒత్తిడి. మనదేశంలో ఇవి పెసో (కేంద్ర పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) ఆమోదం ఉన్నవై ఉండాలి, పరీక్ష కూడా వాళ్లు గుర్తించిన కేంద్రంలోనే చేయించాలి. ముద్రలు గీకేసినా, కొత్త పెయింటు మందంగా వేసినా ఎంత చవకైనా వదిలేయండి. లైఫ్‌లైన్, హార్నెస్ మాత్రం పాతవి కొనకండి, ఎండకు లోపలి పోగులు చచ్చాయో లేదో పైకి తెలియదు.

డబ్బు తక్కువ. ఏది ముందు, ఏది తర్వాత?

హార్నెస్, తాడు, రెండు కోత పరికరాలు ముందు. తర్వాత సీల్ ఉన్న రెగ్యులేటర్, విడి రెగ్యులేటర్‌తో 5 లీటర్ల సిలిండర్. ఆ తర్వాత సూటు, గ్లవ్స్. కంప్యూటర్, ముఖమంతా కప్పే మాస్కు, మాటల సెట్టు ఆఖరున. మురుగునీళ్ల పనులు ఒప్పుకునేవాళ్లకు మాత్రం ఈ వరుస తిరగబడుతుంది, వాళ్లకు మాస్కు, డ్రైసూటు లేకుండా మొదలే లేదు. రెండో డైవరు సామాను కూడా ఈ లెక్కలోనే రావాలి. ఒక సెట్టుకే డబ్బున్నవాళ్లు ఇంకొన్నాళ్లు ఆగాలి.

మొసళ్లున్నాయంటారు, నిజమేనా? జాలర్లకు జెండా సరిపోతుందా?

కృష్ణా, తుంగభద్రల్లో మొసళ్లున్నాయి. ఏ మడుగులో తిరుగుతున్నాయో పుట్టి మీద వెళ్లే జాలర్లకు తెలుస్తుంది, ముందురోజే అడగండి. శ్రీశైలం వైపు పులుల అభయారణ్యం పరిధి అయితే ప్రాజెక్టు ఇంజనీర్లతో పాటు అటవీశాఖ అనుమతీ కావాలి. నీలం, తెలుపు డైవింగ్ జెండా ఇక్కడ ఎవరికీ తెలియదు. కట్టండి, కానీ దాంతో పాటు ఒక పుట్టిలో మనిషిని కూర్చోబెట్టి వచ్చే బోట్లను దూరం నుంచే కేకేయించండి.

పని అయ్యాక సామాను ఎలా కడగాలి?

ఒండ్రు ఆరకముందే. ఆరితే గట్టిపడి మరల్లో, బటన్లలో కూర్చుంటుంది. రెగ్యులేటర్ సిలిండర్‌కు బిగించి, గాలి తెరిచి ఉంచి, మంచినీళ్ల బకెట్టులో ఊపండి. ఒత్తిడి లేకుండా బకెట్టులో ముంచి పర్జ్ బటన్ (గాలి వదిలే బటన్) నొక్కితే నీళ్లు గొట్టంలోంచి ఫస్ట్ స్టేజ్‌లోకి పోతాయి. సెకండ్ స్టేజ్ మూత విప్పడం వస్తే విప్పి, గాలి బయటికి పోయే రబ్బరు వాల్వు అంచున ఇసుక రేణువు లేకుండా చూడండి. ఒక్క రేణువున్నా తర్వాతిసారి ప్రతి శ్వాసకూ నోట్లోకి నీళ్లు వస్తాయి.

జాకెట్టు లోపలికీ నీళ్లు పోతాయి, రెండుసార్లు మంచినీళ్లు నింపి కుదిపి వంచేయాలి. మురుగునీళ్లలో వాడినవి తయారీదారు చెప్పిన క్రిమినాశిని, చెప్పిన పాళ్లలోనే వాడి శుద్ధి చేయాలి. బ్లీచింగ్ ఎక్కువైతే రబ్బరు పగులుతుంది. ఆరబెట్టడం నీడలోనే. వ్యాను డాష్‌బోర్డు మీద, మేడ మీద ఎండలో ఆరేస్తే లాటెక్స్ రెండు వేసవులు రాదు. నిండు సిలిండర్లను తలుపులు మూసిన కారులో మధ్యాహ్నం వదిలేయకండి. పడుకోబెట్టి, దొర్లకుండా కట్టి, వాల్వుకు మూత వేసి తీసుకెళ్లండి.